నిండా ఒక నిమిషం

మనిషి ఊపిరి లెక్కపెట్టడం కంటే తేలికైన పని వైద్యంలో ఇంకోటి లేదు. మిషను అక్కర్లేదు, సూది అక్కర్లేదు, ఆ మాటకొస్తే చదువు కూడా పెద్దగా అక్కర్లేదు. రొమ్ము లేచి దిగితే ఒకటి. మళ్ళీ లేచి దిగితే రెండు. నిండా ఒక నిమిషం చూసి, వచ్చిన అంకె కాగితం మీద వేస్తే సరి. తేలిక పనులతో వచ్చిన చిక్కే అది. వాటిని ఎవరూ చెయ్యరు.

ఆరోగ్య శాస్త్రాల డిగ్రీలో చేరిన మొదటి నెలలోనే ప్రాక్టికల్స్ మేడమ్ ఈ పని నేర్పింది. "మీరు ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిసిందా, రోగి ఊపిరి మారిపోతుంది. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకోండి. కళ్ళు మాత్రం రొమ్ము మీద ఉంచండి. పది సెకన్లు చూసి ఆరుతో హెచ్చవేసే తెలివితేటలు నా దగ్గర వద్దు," అంది. ముందు వరసలో కూర్చున్న బొంగరం ఆ మాటలన్నీ పొల్లుపోకుండా నోట్సులో రాసుకుంది.

బొంగరం అసలు పేరు కాలేజీ రిజిస్టరులో ఉంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఒక్కచోట నిలవని పిల్ల కాబట్టి అక్క అలా పిలవడం మొదలుపెట్టింది, తర్వాత క్లాసంతా అందుకుంది. అమ్మానాన్నలు పోయాక ఆ ఇంటికి అక్కే పెద్దదిక్కు. పొద్దస్తమానం కుట్టుమిషను ముందు కూర్చుని, తను చదవాలనుకున్న చదువు చెల్లెలి చేత చదివిస్తోంది. డిగ్రీ చేతికొస్తే చాలు, పెద్దాసుపత్రిలో ఉద్యోగం ఖాయమని మాట కూడా వచ్చింది. కానీ చివరి ప్రాక్టికల్ పరీక్ష ఒకసారి తప్పింది. రెండోసారి కూడా తప్పితే కాలేజీ రూలు ప్రకారం డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు, మూడేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరు. అది తెలిసి కూడా అక్క ఉద్యోగానికి కావలసిన తెల్ల కోటు ముందే కుట్టి, ఇస్త్రీ చేసి, తలుపు వెనక తగిలించింది.

"నువ్వు పాసవుతావే. నాకు తెలుసు," అంది నోట్లో సూది పట్టుకునే.

ఇంతకు మించిన బరువు ఒక మనిషి ఇంకో మనిషి నెత్తిన పెట్టలేడు. బొంగరం తలూపి పుస్తకం తీసింది.

పోయినసారి ఎందుకు తప్పిందో అక్కకి తెలియదు. ఎవరికీ తెలియదు. ఒక్కో పనికి ఒక్కో గది పెట్టే ఆ పరీక్షలో అన్ని గదుల్లోనూ బాగానే చేసి, ఊపిరి లెక్కపెట్టే గదిలో ఎదుటి మనిషి మణికట్టు పట్టుకోగానే ఆమె కళ్ళు చీకట్లు కమ్మాయి. "భయపడింది పాపం," అని రాసి సున్నా వేశారు పరీక్షకులు. భయమే, నిజమే. ఏ భయమో వాళ్ళు అడగలేదు.

దానికి పదకొండు నెలల ముందు సంగతి అది. రెండో ఏడాది చివర్లో పిల్లల్ని వార్డుల్లోకి శిక్షణకి పంపారు. బొంగరానికి ఇరవై రెండు మంచాల వార్డు పడింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, మూడింటికి ఒకసారి అందరికీ జ్వరం, నాడి, బీపీ, ఊపిరి చూసి చార్టు నింపాలి. మొదటిరోజు బుద్ధిగా నిమిషం నిమిషం లెక్కపెడుతుంటే వెనక నుంచి సీనియర్ అమ్మాయి వచ్చి చెవి దగ్గర నవ్వింది.

"జ్వరానికి మిషనుంది, నాడికి మిషనుంది, బీపీకి మిషనుంది. ఊపిరికే లేదు. ఇలా చూస్తూ కూర్చుంటే తెల్లారుతుంది నీకు. పద్దెనిమిది వేసెయ్. అందరం అదే వేస్తాం."

"మరి నిజంగా పద్దెనిమిది కాకపోతే?"

"ఎక్కువా కాదు, తక్కువా కాదు, చూసినవాళ్ళు రెండోసారి చూడరు. పద్దెనిమిదితో ఎవరూ చావరు తల్లీ."

కాకిలెక్కలు నేర్చుకోవడానికి మూడేళ్ళ కోర్సు అక్కర్లేదు. బొంగరానికి ఒక పూట చాలింది. వారం తిరిగేసరికి ఇరవై రెండు మంచాలూ పావుగంటలో చుట్టబెట్టేసి, కాస్త గర్వపడటం కూడా మొదలుపెట్టింది.

కిటికీ పక్క మంచం మీద ఒక ముసలావిడ ఉండేది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, వార్డంతా టీచరమ్మ అనేవాళ్ళు. ఊపిరితిత్తుల్లో నెమ్ముతో వచ్చి, తగ్గుముఖం పట్టి, రేపో మాపో ఇంటికి పోవలసినది. ఆవేళ పొద్దున బొంగరం ఆమెకి పద్దెనిమిది వేసింది. మధ్యాహ్నం పద్దెనిమిది వేసింది. మూడింటికి చార్టు అందుకుంటుంటే టీచరమ్మ ఆమె కొంగు పట్టుకుంది.

"గాలి చాలట్లేదు తల్లీ."

"కిటికీ తీస్తానుండండి," అంది బొంగరం. తీసింది. పద్దెనిమిది వేసి పక్క మంచానికి వెళ్ళిపోయింది.

నాలుగున్నరకి టీచరమ్మ పోయింది. డాక్టరు చార్టు తిరగేసి, "మూడింటి దాకా బాగానే ఉంది కదా, ఉన్నట్టుండి ఏమైంది?" అని ఆశ్చర్యపోయాడు. సీనియర్ అమ్మాయి బొంగరం చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ నొక్కుడికి అర్థం నోరెత్తకు అని. బొంగరం నోరెత్తలేదు. ఎత్తితే చదువు పోతుంది. ఎత్తకపోతే ఏమీ పోదు, పోవలసిన ప్రాణం ఎలాగూ పోయింది. ఇలా తనకి తనే చెప్పుకుని ఊరుకుంది. సిగ్గుతో ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు సహించింది.

రెండోసారి పరీక్ష వానాకాలంలో, ఒక మధ్యాహ్నం పెట్టారు. కాలేజీ పాత భవనంలో పొడుగాటి వసారా, దానికి ఒక వైపు వరసగా ఎనిమిది గదులు. ఒక్కో గదిలో ఒక్కో పని. గంట మోగగానే లోపలికి వెళ్ళాలి, అయిదు నిమిషాల్లో పని చెయ్యాలి, మళ్ళీ గంట మోగితే బయటికొచ్చి పక్క గది ముందు నిలబడాలి. లోపల కుర్చీలో పరీక్షకులు, మంచం మీద ఉత్తుత్తి రోగి. మూడో గదిలో గుండెనొప్పి నటిస్తున్నది కాలేజీ తోటమాలి. ఆయన ఎంత బాగా నటించాడంటే ముందు వెళ్ళిన పిల్లాడు నిజమనుకుని డాక్టరు కోసం పరుగెత్తాడు.

పనులు ఏడే. ఆరో గది తలుపు మీద 'విశ్రాంతి' అని అట్టముక్క అంటించి ఉంటుంది. అందులో పరీక్ష లేదు, పరీక్షకులూ లేరు. ఒక కుర్చీ, ఒక నీళ్ళ సీసా. అయిదు నిమిషాలు కూర్చుని అలుపు తీర్చుకోవడమే.

మొదటి అయిదు గదులూ బొంగరం చకచకా చేసింది. కట్టు కట్టింది, బీపీ చూసింది, మంచం మీది మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టింది. ఊపిరి లెక్కపెట్టే గది ఏడోది. ముందు విశ్రాంతి, తర్వాత అది. ఆ అయిదు నిమిషాలూ కాస్త కూర్చోవచ్చనుకుని ఆరో గది ముందు నిలబడింది. బయట వాన ఒక్క తీరుగా పడుతోంది. వసారాలో ట్యూబులైటు సన్నగా రొద పెడుతోంది. గంట మోగింది.

తలుపు తోసింది. లోపల అడుగుపెట్టి, తలుపు వేసి, అప్పుడు తలెత్తి చూసింది.

కుర్చీ లేదు.

మంచం ఉంది.

దాని మీద గోడ వైపు తిరిగి ఎవరో పడుకుని ఉన్నారు. రొమ్ము దాకా దుప్పటి. నెరిసిన జుట్టు. గదిలో స్పిరిటు వాసన, దాని కింద తడి దుప్పటి వాసన... దాని కింద ఇంకేదో, మూసిపెట్టిన గదుల్లో ఉండే తియ్యటి వాసన. గాలి వీస్తోంది. చల్లటి గాలి, వాన జల్లుతో. ఆ గదికి కిటికీ లేదని బొంగరానికి వెంటనే తట్టలేదు.

ఇది కూడా పరీక్షే అయి ఉంటుంది, అనుకుంది. విశ్రాంతి అని రాసి, ఆదమరిచి వచ్చిన పిల్లల్ని పట్టుకునే ఎత్తు. మేడమ్ అంతకు తగిన మనిషే. ఎక్కడో అద్దం వెనక కూర్చుని మార్కులు వేస్తుంటారు. తప్పితే అంతా పోతుంది. నేర్పిన ప్రకారం చేతులు తుడుచుకుని మంచం దగ్గరికి వెళ్ళింది.

"నమస్కారమండీ. నేను విద్యార్థినిని. మీ నాడి చూడొచ్చా?"

దుప్పటి కింద నుంచి ఒక చెయ్యి మెల్లగా బయటికొచ్చింది.

పక్కన బల్ల మీద చార్టు ఉంది. పెన్ను ఉంది. బొంగరం చార్టు చేతిలోకి తీసుకుంది. మంచం నంబరు చూసింది. తారీకు చూసింది. టీచరమ్మ పోయిన నాటి తారీకు. ఊపిరి గడిలో పొద్దున పద్దెనిమిది. మధ్యాహ్నం పద్దెనిమిది. మూడింటికి పద్దెనిమిది. ఆ చేతిరాత ఆమెదే. నాలుగో వరసలో టైము వేసి ఉంది, నాలుగున్నర. గడి ఖాళీ.

ఎవరో కనిపెట్టేశారు... పాత కాగితాలు తవ్వి తీశారు... తనని పట్టుకోవడానికే ఇదంతా. ఆ క్షణంలో కూడా బొంగరం భయపడింది దెయ్యానికి కాదు, మేడమ్‌కి. తలుపు వైపు చూసింది. బయటికి పోతే సున్నా. మణికట్టు పట్టుకుంది.

చల్లగా ఉంది. వేళ్ళు సర్దుకుని నొక్కింది. ఇంకాస్త నొక్కింది.

నాడి లేదు.

రొమ్ము మాత్రం లేస్తోంది. దిగుతోంది.

"ఈసారి నిండా లెక్కపెట్టు," అని గోడ వైపు నుంచి గుసగుసగా వినిపించింది.

బొంగరం వాచీ చూసింది. సెకన్ల ముల్లు పన్నెండు మీదికొచ్చింది. ఒకటి. రెండు. మూడు... ఎగశ్వాస. మెడ దగ్గర నరాలు లోపలికి గుంజుకుంటున్నాయి. ఆరు. ఏడు. ఎనిమిది. ప్రతి ఊపిరికీ చివర చిన్న మూలుగు. ముల్లు నాలుగు మీదికి రాకముందే పద్దెనిమిది అయిపోయాయి. పద్దెనిమిది దగ్గర ఆమె నాలుక అలవాటుగా ఆగింది. రొమ్ము ఆగలేదు. పంతొమ్మిది. ఇరవై. ముప్పై. ఆవేళ కిటికీ తీసి తను వెళ్ళిపోయాక, పక్క మంచం దగ్గర నిలబడి ఉన్నప్పుడు, వెనక జరిగింది ఇదే. నలభై. బొంగరం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నలభై ఆరు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం వచ్చింది. నలభై ఏడు... పెద్ద ఎడం... నలభై ఎనిమిది...

తర్వాత లేవలేదు.

ముల్లు పన్నెండు మీదికొచ్చింది. వానచప్పుడు కూడా ఆగిపోయింది. చెయ్యి వదలాలనుకుంది. వదల్లేకపోయింది. ఎందుకంటే ఇప్పుడు ఆ చల్లటి వేళ్ళే బొంగరం మణికట్టు చుట్టూ ఉన్నాయి. నాడి చూస్తున్నట్టు, సరిగ్గా నేర్పిన చోట.

ముసలావిడ తల తిప్పింది. టీచరమ్మే. కళ్ళు బొంగరం మొహం మీద లేవు. రొమ్ము మీద ఉన్నాయి.

"ఎంతొచ్చింది?"

క్లాసులో లెక్క అడిగినంత మామూలుగా అడిగింది. బొంగరం పెన్ను తీసుకుంది. నలభై ఎనిమిది. రెండంకెలు. అవి ఆ గడిలో వేస్తే పైనున్న మూడు పద్దెనిమిదులూ అబద్ధాలని పసిపిల్లలు కూడా చెబుతారు. ఈ కాగితం ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. తలుపు వెనక తెల్ల కోటు. కుట్టుమిషను మీద వంగిన అక్క వీపు. బయట గంట మోగడానికి ఇంకా ఎన్ని సెకన్లో...

చెయ్యి దానంతటదే రాసింది అని తర్వాత చాలాసార్లు అనుకుంది బొంగరం. అది కూడా అబద్ధమే. తెలిసే రాసింది.

పద్దెనిమిది.

టీచరమ్మ ఆ అంకె చాలాసేపు చూసింది. కోపం లేదు మొహంలో. బాగా చదివే పిల్ల తేలిక లెక్క తప్పు చేస్తే కలిగే విచారం, అంతే.

"అంతేనా?"

"అంతే," అంది బొంగరం.

"అయితే అదే ఉంచుకో తల్లీ."

వేళ్ళు వదిలాయి. గంట మోగింది.

ఎలా బయటపడిందో తెలియదు. వసారాలో గోడకి ఆనుకుని నిలబడింది. వెనకాల రావలసిన కుర్రాడు ఆరో గది తలుపు తీశాడు. అతని భుజం మీదుగా లోపలికి చూసింది. ఒక కుర్చీ. ఒక నీళ్ళ సీసా. అతను హమ్మయ్య అనుకుంటూ కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు.

ఏడో గదిలో ఈసారి బొంగరం కళ్ళు చీకట్లు కమ్మలేదు. రోగి మణికట్టు పట్టుకుని నిండా నిమిషం లెక్కపెట్టి అంకె చెప్పింది. పరీక్షకురాలు తన కాగితంలో చూసుకుని, సరిపోయిందన్నట్టు తలూపింది. ఏం అంకె చెప్పిందో వేరే చెప్పక్కర్లేదు.

పరీక్ష పాసైంది. అక్క ఏడ్చింది, నవ్వింది, పక్కవాళ్ళందరికీ చెప్పొచ్చింది. ఆ సంబరంలో చెల్లెలి మొహం పాలిపోయి ఉండటం ఆమె గమనించలేదు. నాలుగంతస్తులు మెట్లెక్కి వస్తే అక్కకి రొప్పు వచ్చేది. బొంగరానికి రావడం మానేసింది. ఆయాసం లేకపోవడం అదృష్టమే కదా అనుకుంటారు ఎవరైనా. ఒంట్లో ప్రతి నరమూ గాలి కోసం కొట్టుకుంటుంటే, కళ్ళు మసకలు కమ్ముతుంటే, రొమ్ము మాత్రం నింపాదిగా తన లెక్కన తను లేస్తూ దిగుతుంటే అప్పుడు తెలుస్తుంది అదృష్టమేమిటో. మెట్ల మీద కూర్చుని వాచీ చూసుకుంది. పరుగెత్తి చూసుకుంది. నిద్ర లేచీ లేవగానే చూసుకుంది. ఎప్పుడూ ఒకటే అంకె.

అక్కకి చెప్పలేదు. ఉద్యోగంలో చేర్చుకునే ముందు ఆసుపత్రివాళ్ళు చేసిన ఆరోగ్య పరీక్షలో కూడా చెప్పలేదు. మెట్ల దగ్గర నెమ్మదిగా నడవడం నేర్చుకుంది. ఒక్కటి మాత్రం ఒట్టు పెట్టుకుంది. ఇక బతికినన్నాళ్ళూ కాకిలెక్క వెయ్యను, ప్రతి మనిషికీ నిండా నిమిషం ఇస్తాను. అది మనస్ఫూర్తిగానే అనుకుంది.

ఉద్యోగంలో మొదటిరోజు పొద్దున్నే తెల్ల కోటు వేసుకుని వార్డులో అడుగుపెట్టింది. పన్నెండు మంచాలు. మొదటి మంచం మీద లారీ డ్రైవరు, ఆయాసంతో వచ్చిన మనిషి, కూర్చుని భుజాలు ఎగరేస్తూ గాలి పీలుస్తున్నాడు. నిమిషానికి ముప్పై దాటి ఉంటుందని దూరం నుంచే తెలుస్తోంది. బొంగరం పలకరించి మణికట్టు పట్టుకుంది. కళ్ళు రొమ్ము మీద ఉంచింది. డ్రైవరు ఊపిరి మెల్లమెల్లగా నిదానించింది. తన ఒళ్ళు తన మాట విననట్టు అతను వింతగా ఆమె వైపు చూశాడు. నిమిషం అయింది. పద్దెనిమిది. నిజంగానే పద్దెనిమిది.

రెండో మంచం మీద ఆపరేషనైన అమ్మాయి, మందు మత్తులో ఎప్పుడో ఒక ఊపిరి తీస్తోంది. బొంగరం మణికట్టు పట్టుకుంది. పద్దెనిమిది. మూడో మంచం. పద్దెనిమిది.

హెడ్ సిస్టర్ వచ్చి చార్టు చూసి పెదవి విరిచింది.

"ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశానమ్మా. మొదటిరోజే మొదలుపెట్టావా? వెళ్ళి నిజంగా లెక్కపెట్టు."

"నిజంగానే లెక్కపెట్టానండీ."

అంటూనే బొంగరం వెనక్కి తిరిగి చూసింది. మొదటి మూడు మంచాలు. మూడు రొమ్ములూ ఒక్కసారే లేచాయి. ఒక్కసారే దిగాయి. తన రొమ్ము కూడా వాటితోనే. డ్రైవరు నోరు తెరిచి గాలి కోసం చూస్తున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"సిస్టర్... ఆయనకి గాలి చాలట్లేదు."

హెడ్ సిస్టర్ గబగబా వెళ్ళి అతని మణికట్టు పట్టుకుని తన వాచీ చూసుకుంది. కాసేపటికి ఆమె నొసలు ముడిపడింది. "పద్దెనిమిదే ఉందే..." అంది తనలో తను. "మరి పెదాలెందుకిలా..." అంటూ డాక్టరు కోసం కేకేసింది.

బొంగరం రెండు చేతులూ వీపు వెనక దాచుకుని, ఒక అడుగు వెనక్కి వేసింది. నడుముకి ఏదో తగిలింది. నాలుగో మంచం అంచు.

"నన్ను కూడా చూడమ్మా," అన్నాడు ఆ మంచం మీది తాత. అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడిచి, మణికట్టు ఆమె వైపు చాచాడు.